రాత్రికి రాత్రి ఒక మూల కుంగిపోతే

పొద్దున లేచేసరికి మోటార్‌హోమ్ (లోపలే ఇల్లులా ఉండే పెద్ద బండి) వెనక ఎడమ పక్క కిందికి దిగి ఉంటే అందరి అనుమానమూ ఎయిర్ బ్యాగ్ మీదికే, అంటే స్ప్రింగులా బండి బరువు మోసే గాలి తిత్తి మీదికే పోతుంది. నేను చూసినంతలో మాత్రం లీకు చాలాసార్లు బ్యాగులో ఉండదు, దానికి వచ్చే పైపులోనో, ఫిట్టింగులోనో, వాల్వులోనో ఉంటుంది.

అందుకే ముందు మీ బండికి హైట్ కంట్రోల్ వాల్వులు, అంటే బ్యాగుల్లోకి గాలి పంపుతూ, తీస్తూ బండి ఎత్తు నిలిపే వాల్వులు, ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. పెద్ద బండ్లలో సాధారణంగా మూడుంటాయి: ముందు యాక్సిల్‌కి (ఇరుసుకి) ఒకటి, వెనక ఎడమ పక్కకొకటి, కుడి పక్కకొకటి. ముందు రెండు బ్యాగులకూ గాలి ఒకే వాల్వు నుంచి వెళ్తుంది కాబట్టి ఏ పక్క కారినా రెండు పక్కలూ దిగుతాయి. వెనక అలా కాదు, కారిన పక్కే కుంగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

గాలి ట్యాంకులు పూర్తిగా నిండాక, చదునైన చోట ఇంజిన్ ఆపి, ప్రతి చక్రం నడిమధ్య నుంచి దాని పైనున్న బాడీ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకుంటాను. తెల్లారాక మళ్ళీ కొలిస్తే ఏ మూల ఎంత దిగిందో తెలిసిపోతుంది.

ఆ తర్వాత పైపులు, ఫిట్టింగులు, వాల్వుల మీద సబ్బు నీళ్ళు చల్లి బుడగలు ఎక్కడ వస్తాయో చూడాలి. కానీ దయచేసి ఒక్క మాట వినండి: గాలి మీద నిలబడ్డ బండి కిందికి ఎప్పుడూ దూరకండి. బ్యాగు పగిలితే బండి క్షణంలో దిగిపోతుంది, పక్కకి జరిగే వ్యవధి ఉండదు. బండి తయారీదారు చూపించిన చోట, బరువుకు తగిన స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాకే లోపలికి వెళ్ళండి.

చిన్న లీకు చప్పుడు చెయ్యదు. నైలాన్ పైపు ఫిట్టింగులోకి దిగే చోట సన్నటి తెల్లని నురగ మెల్లగా ఊరుతూ ఉంటుంది, ఓపిగ్గా చూస్తేనే కనపడుతుంది. పైపు కొస వంకరగా తెగి ఉంటే గాలి అంతా వదిలేసి, వంకర లేకుండా అడ్డంగా తిన్నగా కోసి మళ్ళీ గుచ్చితే చాలు. బండి కదలకుండా ఉన్నా వాల్వు ఎగ్జాస్ట్ రంధ్రం దగ్గర బుడగలు ఆగకపోతే లోపలి సీలు పోయినట్టే. బ్యాగు అడుగున రబ్బరు మడత పడే చోట లోపలి దారాలు బయటపడి ఉంటే మాత్రం ఆలోచించకుండా మార్చెయ్యండి.

లీకేమీ లేకుండా ఎత్తు తేడాగా ఉంటే వాల్వు చేతిని యాక్సిల్‌కి కలిపే లింక్ రాడ్డు చూడండి, దాని చివరి రబ్బరు చిరిగి ఉండొచ్చు. కొత్తది వేశాక ఎత్తు మాన్యువల్‌లో చెప్పిన చోటే కొలిచి సరిచెయ్యాలి, కంటి అంచనాకి వదలకూడదు. వెనక ఎత్తు మారితే చక్రాలకు శక్తిని చేరవేసే డ్రైవ్ షాఫ్ట్ కోణమూ మారి వైబ్రేషన్ మొదలవ్వొచ్చు.