వర్క్‌డే రిపోర్టుల పరీక్ష: నేను తలకిందులుగా చదివిన మొదటి నెల

సంస్థలు తమ ఉద్యోగుల, వేతనాల వివరాలు నిర్వహించుకునే సాఫ్ట్‌వేర్ అయిన వర్క్‌డేలో కస్టమ్ రిపోర్టులు తయారుచేయడంపై పరీక్షకు సిద్ధమవుతున్న తోటి అభ్యర్థుల కోసం ఇది రాస్తున్నాను. పగలు ఋషికొండలో ఉద్యోగం, సాయంత్రం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువు, ఇలా రెండున్నర నెలలు సాగిన నా సన్నాహంలో మొదటి నెల దాదాపు వృథా అయింది. పాఠాలు కష్టమై కాదు, వాటిని చదివిన వరుస తప్పై.

అసలు విషయానికి ముందు ఒక హెచ్చరిక. వర్క్‌డే అధికారిక శిక్షణ, సర్టిఫికేషన్ ఎవరైనా నేరుగా రుసుము కట్టి చేరగలిగేవి కావు. ఆ సాఫ్ట్‌వేర్ వాడే సంస్థలోనో, దాని భాగస్వామి సంస్థలోనో పనిచేస్తూ ఉండాలి. ఈ సంగతి చెప్పకుండానే మన ఊళ్లో ఒక శిక్షణ కేంద్రం నా స్నేహితుడి దగ్గర డబ్బు కట్టించుకుంది కనుక, చేరే ముందే అడిగి తెలుసుకోండి.

నేను మొదట రిపోర్టు రకాలను కంఠస్థం చేశాను. సింపుల్ రిపోర్టులో ప్రధాన బిజినెస్ ఆబ్జెక్టులోని (ఉద్యోగి వంటి ఒక అంశానికి చెందిన సమాచారమంతా ఉండే చోటు) ఫీల్డులు మాత్రమే వాడగలమనీ, దానికి సంబంధించిన ఇతర ఆబ్జెక్టుల ఫీల్డులు కావాలన్నా, రిపోర్టును వెబ్ సర్వీసుగా మరో వ్యవస్థకు అందించాలన్నా అడ్వాన్స్‌డ్ రకం ఎంచుకోవాలనీ, అంకెలను అడ్డు నిలువు వరుసల్లో కూడి చూపి, అంకె మీద నొక్కితే దాని వెనుక ఉన్న వివరాల్లోకి తీసుకువెళ్లేది మ్యాట్రిక్స్ అనీ, అలాంటి మ్యాట్రిక్స్ రిపోర్టులను ఒకచోట చేర్చేది కాంపోజిట్ అనీ గుర్తుంచుకుంటే ఈ భాగంలో ఎక్కువ పని అయిపోయినట్లే. ట్రెండింగ్, ఎన్‌బాక్స్, సెర్చ్, ట్రాన్స్‌పోజ్డ్ రకాలకు ఒక సాయంత్రం చాలు. నేను మూడు వారాలు ఖర్చుచేశాను.

నమూనా పరీక్షలో ఒక ప్రశ్న నా అజ్ఞానాన్ని బయటపెట్టింది. సంస్థ ఉద్యోగులందరి పేర్లు, పనిచేసే చోటు, మూలవేతనం చూపే రిపోర్టును అడ్మిన్ తయారుచేసి ఒక మేనేజరుకు షేర్ చేశాడు. మేనేజరు దాన్ని తెరిస్తే ఏం కనిపిస్తుంది? షేర్ చేశారు కదా, అంతా కనిపిస్తుందని రాశాను. అది తప్పు. రిపోర్టు ఎవరు తయారుచేశారన్నది కాదు, ఎవరు నడుపుతున్నారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. షేరింగ్ వల్ల రిపోర్టు తలుపు దాకా రావడానికి వీలవుతుందే తప్ప, లోపలి సమాచారంపై కొత్త హక్కేదీ రాదు. ఆ తలుపు దాటాక డేటా సోర్సుకు (రిపోర్టుకు వరుసలు అందించే మూలం) ఒక డొమైన్, అంటే ఒకే కోవ సమాచారాన్ని కలిపి కాపాడే భద్రతా విభాగం, కాపలా ఉంటుంది, ఒక్కో ఫీల్డుకు దాని సొంత డొమైన్ కాపలా ఉంటుంది; ఇవి గాక, ఆ మేనేజరుకు తన పరిధిలోని సిబ్బంది వరుసలే వస్తాయి. వేతనం ఫీల్డున్న డొమైన్‌లో అతని సెక్యూరిటీ గ్రూపుకు (ఒకే హక్కులు ఇచ్చిన వాడుకరుల జట్టుకు) చూసే అనుమతి లేకపోతే, రిపోర్టు చక్కగా నడిచినా ఆ వివరం మాత్రం అతనికి కనిపించదు. సింహాచలంలో ఏడాది పొడవునా స్వామి ఎదుటే ఉన్నా, అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచేదాకా నిజరూపం కనిపించదు కదా, ఇదీ దాదాపు అటువంటిదే. ఈ పోలిక తట్టిన తరువాత ఆ ప్రశ్న నన్ను మళ్లీ ఇబ్బంది పెట్టలేదు.

కాబట్టి సెక్యూరిటీని ముందు చదవండి. డొమైన్లను వర్క్‌డే సంస్థే ఇస్తుంది. వాటిని మనం సృష్టించలేము, వాటిలో ఏముండాలో మార్చలేము. మన చేతిలో ఉన్నది ఆ డొమైన్ పాలసీలో ఏ గ్రూపుకు చూసే అనుమతి, ఏ గ్రూపుకు మార్చే అనుమతి ఇవ్వాలన్నదే. గ్రూపుల్లో యూజర్ ఆధారితమైనది మనిషిని పట్టుకుని ఉంటుంది, రోల్ ఆధారితమైనది కుర్చీని పట్టుకుని ఉంటుంది. మేనేజరు బదిలీ అయితే ఆ స్థానంలోకి వచ్చినవారికి ఆ హక్కులు వాటంతటవే వస్తాయి. ఇంటర్‌సెక్షన్ గ్రూపులో చేర్చిన గ్రూపులన్నిటిలోనూ సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశం, అగ్రిగేషన్‌లో ఏ ఒక్కదానిలో ఉన్నా చాలు. ఈ రెంటినీ తారుమారు చేసి ఇచ్చే ప్రశ్నలను నిదానంగా చదవాలి.

సాధనలో నా అరపూట తిన్న పొరపాటు మరొకటి ఉంది. డొమైన్ పాలసీలో కొత్త గ్రూపును చేర్చి, ఫలితం ఎందుకు మారలేదా అని రిపోర్టునే పదేపదే సరిచేస్తూ కూర్చున్నాను. పాలసీలో చేసిన మార్పును పెండింగ్ మార్పుల యాక్టివేషన్ అనే పని ద్వారా అమల్లోకి తెచ్చేదాకా అది కాగితం మీద సంతకంలేని ఉత్తరువు లాంటిదే. అయితే యూజర్ ఆధారిత గ్రూపులో ఒక మనిషిని చేర్చడానికి ఈ యాక్టివేషన్ అవసరం లేదు.

చివరి వారంలో కొత్త పాఠాలు మానేసి ఒకే రిపోర్టును తీసుకున్నాను. శిక్షణ టెనెంట్‌లో (టెనెంట్ అంటే అద్దెకున్నవారు కాదు, ఒక సంస్థకు కేటాయించిన వర్క్‌డే వ్యవస్థ) మరొకరిలా ప్రవేశించి చూసే ప్రాక్సీ సౌకర్యంతో అడ్మిన్, హెచ్‌ఆర్ పార్ట్‌నర్, మేనేజరు, ఈ మూడు పాత్రల్లోనూ దాన్ని నడిపాను. ప్రతిసారీ ఏ వరుసలు, ఏ నిలువు గడులు వస్తాయో ముందే నోటుపుస్తకంలో రాసుకుని, తరువాత తెర మీద ఫలితంతో సరిపోల్చుకున్నాను. మూడు సరిగ్గా వచ్చాయి. మేనేజరూ, సంస్థ మొత్తాన్ని చూడగల గ్రూపు సభ్యుడూ అయిన నాలుగో మనిషిగా నడిపినప్పుడు మాత్రం రెండుసార్లు తప్పాను. తక్కువ పరిధే చెల్లుతుందనుకున్నాను గానీ, అతని గ్రూపుల అనుమతులన్నీ కలిసిపోయి విశాలమైనదే నిలిచింది.