కోడికి ఉపవాసం తెలీదు

నిద్ర పట్టట్లేదు, ఆ ఫార్వర్డు మెసేజ్ వల్ల. పొద్దున ప్రార్థన గ్రూపులో ఒకాయన పెట్టారు. సాయంత్రానికి అదే ముక్క ఇంకో రెండు గ్రూపుల్లోంచి చుట్టి వచ్చింది. ఈస్టర్ అంటే బబులోను దేవత ఇష్తారట, గుడ్డు ఆవిడ గుర్తట, కుందేలు ఆవిడ జంతువట. పిల్లలచేత గుడ్లకి రంగులేయిస్తే విగ్రహారాధన చేయించినట్టేనట. కింద వరసగా ఆమెన్లు. వదిన సండే స్కూలు కోసం గుడ్లు చెప్పి ఉంచిందని తెలిసినవాళ్ళే కొట్టారు ఆ ఆమెన్లు. అది వినేసి బుజ్జిది వచ్చి, "అత్తా, రంగేసిన గుడ్డు తింటే పాపవా?" అంది.

ముందు ఇష్తార్ సంగతి తేల్చేస్తాను. ఆవిడ జంతువు సింహం, గుర్తు ఎనిమిది కోణాల నక్షత్రం. కుందేలుకి ఆవిడ దగ్గర పనేమీ లేదు. 1850ల్లో అలెగ్జాండర్ హిస్లప్ అనే స్కాట్లాండు పాస్టరుగారు కేథలిక్కుల మీద మంటతో రాసిన పుస్తకం ఈ కథకి ఊపు తెచ్చింది. ఈస్టర్, ఇష్తార్ అనే రెండు పేర్లూ చెవికి ఒకేలా ఉండటమే ఆయన ముఖ్య ఆధారం. 725లో బీడ్ అనే ఇంగ్లండు సన్యాసి మాత్రం ఏప్రిల్ నెలని పూర్వం ఈయోస్త్రె అనే దేవత పేరుతో పిలిచేవారని రాశాడు. ఆ దేవత గురించి అంతకుమించి పాత రాత ఎక్కడా లేదు. అందులోనూ గుడ్డు ఊసు లేదు, కుందేలు ఊసు లేదు. కుందేలు చాలా తర్వాతది. 1682లో ఫ్రాంకెనౌ అనే జర్మన్ వైద్యుడు, అల్సాస్ (ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది) వైపు కుందేలు గుడ్లు తెచ్చి గడ్డిలో దాస్తుందని పిల్లలకి చెప్తారని రాశాడు. డాక్టరు కదా, ఆ గుడ్లు అతిగా తింటే అరగవని కూడా హెచ్చరించాడు.

ఇంతవరకూ రాసి, ఏది ఏమైనా గుడ్డూ కుందేలూ మనవి కావు, వదిలేద్దాం అని ముగించేద్దామనుకున్నాను. ఫ్యాన్సీ షాపులో వేలాడే ఆ గులాబీరంగు ప్లాస్టిక్ కుందేళ్ళంటే నాకూ పడదు. కానీ గుడ్డుని కుందేలుతో కలిపి పారేయడానికి మనసొప్పలేదు. అది గుళ్ళోంచి కాదు, వంటింటి లెక్కలోంచి వచ్చింది. ఐరోపాలో లెంట్ రోజుల్లో, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాసంలో, మాంసంతోపాటు గుడ్లూ పాలూ వెన్నా కూడా మానేసేవారు. కోడికి ఉపవాసం తెలీదు. పైగా ఎండాకాలం ముందు పగలు పొడుగయ్యేకొద్దీ ఎక్కువ పెడుతుంది. నలభై రోజుల గుడ్లు పోగయ్యి, పండగనాటికి ఏ ఇంట చూసినా గుడ్లే. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఇంటి పద్దులో, పండగకి పంచడానికి రంగులూ బంగారు రేకూ వేయించిన 450 గుడ్లకి 18 పెన్నీలు అని ఉంది. 1614లో రోము అచ్చువేసిన ఆరాధన పుస్తకంలో గుడ్లని ఆశీర్వదించే ప్రార్థనే ఉంది. గ్రీకు, రష్యన్‌లాంటి తూర్పు సంఘాలవాళ్ళు క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎక్కువగా ఎరుపు వేస్తారు.

అసలు మనవాళ్ళు మిగతావన్నీ ఎక్కడివని ఎప్పుడైనా అడిగారా? ఈస్టరు తెల్లారకుండా సమాధుల తోటకి వెళ్ళి పాటలు పాడటం 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంటు సంఘం కుర్రాళ్ళు మొదలుపెట్టింది. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు సంఘాలు చాలావరకు కెనడా బాప్టిస్టుల చేతిమీద లేచినవి. వాళ్ళకి లెంట్ మొదలయ్యే బూడిద బుధవారమూ లేదు, లెంటూ లేదు. ఇప్పుడు నలభై రోజుల కూడికలు పెట్టని సంఘం ఏదీ? మట్టల ఆదివారం బైబిల్లో ఖర్జూరపు మట్టలంటే మనం గట్టు మీద ఈత మట్ట కోస్తాం. అది మాత్రం పర్లేదు, రెండూ దగ్గరి చుట్టాలైన చెట్లే.

సమాధుల తోట అనగానే నాకు సున్నం వాసనే ముందొస్తుంది. శనివారం సాయంత్రానికి ప్రతి సమాధీ తెల్లబడాలి. గుల్ల సున్నాన్ని ముందురోజే పాత డ్రమ్ములో నీళ్ళలో వేసేవారు. నీళ్ళలో సున్నం వెయ్యాలిగానీ సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, కుతకుతా ఉడికి కళ్ళలోకి చిమ్ముతుంది. చల్లారాక గోనెగుడ్డలో వడకట్టి, పల్చటి మజ్జిగలా చేసి, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు. ఉప్పు వేస్తే తడి తొందరగా ఆరదు, సున్నం గట్టిగా పట్టుకుంటుంది. తాతయ్య ముందు నీళ్ళు చల్లి రాయిని తడిపేవారు. ఎండకి కాలిన రాయి మీద నేరుగా పూస్తే రాయి నీళ్ళు పీల్చేసి, పొద్దున్నకి సున్నం పొడై చీరలకంటుకునేది. చిక్కగా ఒక్కపూత వేసినచోట పెచ్చులు లేచేవి. పల్చగా రెండు పూతలు, మధ్యలో ఆరనివ్వాలి. పస్కా పండగకి నెలముందు యూదులూ సమాధులకి సున్నం పూసేవారు. అందంకోసం కాదు, యాత్రికులు తెలీక తగిలి మైలపడకుండా. మత్తయి సువార్తలో యేసు "సున్నము కొట్టిన సమాధులు" అని తిట్టింది అదే సున్నం చూసి. మరి మనం కొడుతున్నాం కదా, దానికి ఫార్వర్డు రాదేం?

సరే, పడుకునేముందు బుజ్జిదాని గుడ్ల సంగతి కూడా రాసేస్తాను, వదిన అడిగింది కాబట్టి. ఉల్లిపాయల కొట్టులో సంచి అడుగున పొట్టు ఊరికే ఇస్తారు. డజను గుడ్లకి లీటరు నీళ్ళు, పదిహేను ఉల్లిపాయల పొట్టు. స్టీలు గిన్నెలోనే. ఇనప మూకుడైతే రంగు నల్లబడుతుంది. అరగంట మరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చి, రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపాలి. ఎక్కువ పోస్తే పెంకు మీద బుడగలు లేచి పైపొర కరిగిపోతుంది, తుడవగానే రంగు ఊడొస్తుంది. తెల్ల గుడ్లయితే ముదురు ఇటుకరంగు వస్తుంది, నాటుగుడ్లు ఇంకా ముదురు. ఫ్రిజ్‌లోంచి తీసినవి కాసేపు బయటుంచి చల్లటి రంగునీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టాలి, మరిగే నీళ్ళలో పడేస్తే చిట్లుతాయి. చేతి జిడ్డున్నచోట రంగు పట్టదు, ముందే వెనిగర్ గుడ్డతో తుడిస్తే సరి. పసుపురంగు కావాలంటే లీటరుకి మూడు చెంచాల పసుపు. బీట్‌రూట్ జోలికి పోవద్దు, తడిమీద గులాబీ, ఆరితే మట్టిరంగు. కొత్తిమీర రెబ్బ ఒకటి గుడ్డుకి అంటించి పాత పల్చటి గుడ్డలో బిగించి కట్టి ఉడికించాం. విప్పితే ఆకు ఈనెలతో సహా తెల్లగా అచ్చు పడింది.

ఆ గుడ్లు ఆరాధన అయ్యేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఏప్రిల్ ఎండలో బుట్టలో గంట దాటిందంటే తినకూడదు. చిట్లినవాటిని రాత్రికే పులుసులో వేసెయ్యాలి.