సీడీ 100 ఇంజన్ సిల్వర్: అదే చోట నాలుగో పొక్కు

ఆగస్టు 3, ఆదివారం

మళ్ళీ లేచింది. ఇంజన్ కుడి పక్క అదే క్లచ్ కవర్, అదే చోటు. కిక్ షాఫ్ట్ బయటికొచ్చే బొడిపెకి వెనక సరిగ్గా 18 మిల్లీమీటర్ల దూరంలో, పాత అర్ధరూపాయి బిళ్ళంత మేర. పొద్దున బండి తీసి బ్యారేజి మీదుగా ఉండవల్లి దాకా వెళ్ళొచ్చాను, రానూపోనూ పాతిక కిలోమీటర్లు కూడా లేదు. ఇంటికొచ్చి స్టాండ్ వేసి వంగి చూస్తే అప్పడం వేయించినట్టు ఒక పెద్ద పొక్కు, పక్కన రెండు చిన్నవి. గోరుతో నొక్కితే పెద్దది చిట్లి తేనె రంగు నూనె వేలికి అంటింది.

బండి నాన్నది, 1991 హీరో హోండా సీడీ 100. ఇంజన్ మొత్తం కంపెనీ నుంచి వచ్చినప్పటి సిల్వర్‌లోకి తేవాలన్నది ఏప్రిల్ నుంచీ నా పట్టుదల. బ్లాకు, హెడ్డు, ఎడమ పక్క మ్యాగ్నెట్ కవర్ బాగానే వచ్చాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఈ ఒక్క కుడి కవరే నాలుగు నెలలుగా నన్ను ఆడిస్తోంది. 1985లో ఈ బండి వచ్చినప్పుడు 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్' అని ప్రకటన ఇచ్చారు కదా, ఆ మాట పెట్రోలు ట్యాంకుకే గానీ పెయింటుకి కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇప్పటిదాకా చేసినవి చెప్తాను, ఎందుకంటే రేపు నేనే మర్చిపోతాను.

మొదటిసారి డబ్బా స్ప్రే కొట్టాను, 600 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్న సిల్వర్. చూడ్డానికి స్టీలు గిన్నెలా తళతళా మెరిసింది, అదే మొదటి తప్పు, అసలు రంగు అలా ఉండదు. రెండో రోజు కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అయి పెట్రోలు కారితే, కారినంత మేరా గుడ్డకి వచ్చేసింది. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. ఆ హీట్ పెయింట్లు సిలికాన్ రెజిన్ మీద ఆధారపడేవి, అవి గట్టిపడాలంటే దాదాపు 200 డిగ్రీల వేడి కాసేపు తగలాలి. సైలెన్సర్ బెండ్‌కి ఆ వేడి దానంతటదే వస్తుంది, క్లచ్ కవర్‌కి జన్మలో రాదు. అంటే ఆ పెయింట్ ఎప్పటికీ పచ్చిగానే ఉంటుంది, పెట్రోలు పడితే పోతుంది. క్లచ్ కవర్‌కి 600 డిగ్రీల పెయింట్ కొట్టడం అంటే ఎండాకాలంలో రగ్గు కప్పుకున్నట్టే. ఆ పొక్కు కూడా అప్పుడే మొదటిసారి కనిపించింది గానీ, పెయింట్ మొత్తమే పోయింది కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

రెండోసారి హార్డనర్ కలిపే టూకే పీయూ, అంటే పాలీయూరథేన్ పెయింట్. కార్ల పెయింట్ షాపులో బేస్ కోట్ కలిపించుకున్నాను. దాని మీద పెట్రోలు అరగంట నిలిపినా ఏమీ కాలేదు. పొక్కు మాత్రం మూడో రోజు వచ్చింది. మూడోసారి అల్యూమినియానికి పట్టే ఎచ్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆ పైన అదే రంగు. ఈసారి పొక్కు రావడానికి పదకొండు రోజులు పట్టింది, నేను గెలిచాననే అనుకున్నాను. నాలుగోసారి ఆ చోటుని ఇసుక కొట్టించి, 120 నంబరు పేపర్‌తో గీతలు పడేలా రుద్ది, థిన్నర్‌తో ఆరుసార్లు తుడిచి కొట్టాను. అదే ఇవాళ లేచింది.

నా అనుమానాలు మూడు. ఒకటి, సైలెన్సర్ పైపు వేడి. కవర్ కింది అంచుకీ పైపుకీ మధ్య సందు కొలిస్తే 22 మిల్లీమీటర్లు. ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూస్తే కవర్ మీద 51 డిగ్రీలు చూపించింది, ఇంతేనా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, మెరిసే లోహం మీద ఆ గన్ అబద్ధం చెప్తుంది. చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద చూస్తే 86. అయితే పైపుకి ఇంకా దగ్గరగా, ఆ చోటుకి నాలుగు సెంటీమీటర్ల ముందు, 93 ఉంది. అక్కడ పెయింట్ రాయిలా ఉంది. కాబట్టి వేడి కాదు. రెండు, ఎప్పుడో కొట్టిన డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లోని సిలికాన్. కానీ సిలికాన్ అయితే పెయింట్ తడిగా ఉన్నప్పుడే చేపకళ్ళలా గుంటలు పడాలి, ఆరి గట్టిపడ్డాక పొక్కు రాదు. మూడు, ముప్పై ఏళ్ళుగా పోత అల్యూమినియం సన్న రంధ్రాల్లో నానిన నూనె వేడికి బయటికి రావడం. ప్రస్తుతానికి నా ఓటు దీనికే.

ఆగస్టు 10

రిమూవర్ పూసి కవర్ మొత్తం నగ్నంగా చేశాను. మధ్యాహ్నం ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ చోట లోహం రంగే వేరు. చుట్టూ ఉన్నది కొంచెం ముదురు బూడిద, ఇది తెల్లగా, కోడిగుడ్డు పెంకు మీద చుక్కల్లాంటి గుంటలతో. 38 మిల్లీమీటర్ల పొడవు గీత, కొంచెం వంకర. వెల్డింగ్! ఎవరో చాలా శ్రద్ధగా ఆకురాయి పట్టి చదును చేశారు, లోపలి వైపు మాత్రం ముద్ద అలాగే ఉంది. నాలుగుసార్లు ఈ కవర్ విప్పాను, ఒక్కసారైనా లోపలి వైపు తుడిచి చూడలేదు.

నాన్నని అడిగాను.

"అదా, గుంటూరు రోడ్డులో గేదె అడ్డమొచ్చి పడ్డాను కదరా, బ్రేక్ పెడల్ వంగి లోపలికి గుచ్చుకుంది. ఆటోనగర్‌లో అతికించారు. కొత్త కవర్ దేనికి దండగ?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు రంగు గురించి అడిగావు గానీ, కవర్ గురించి అడిగావా?"

సరే. నాన్న లెక్క నాన్నది. వెల్డింగ్ ముద్దలో రంధ్రాలు ఎక్కువ, నూనె బాగా తాగి ఉంటుంది, కాబట్టి కాల్చి తీయాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో వంటకి వాడే ఓవెన్ జోలికి వెళ్ళొద్దు, ఆ వాసన జన్మకి పోదు. నేను పాత ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఒకటి తొమ్మిది వందలకి కొని డాబా మీద పెట్టాను. దాని మీది ముల్లు 150 దగ్గర పెడితే, మల్టీమీటర్‌కి వచ్చే వేడి కొలిచే తీగ లోపల పెట్టి చూసినప్పుడు 172 ఉంది. కాబట్టి ముల్లుని నమ్మొద్దు. ఇంకో మాట, థిన్నర్‌తో తుడిచిన కవర్‌ని పూర్తిగా ఆరకుండా ఓవెన్‌లో పెట్టొద్దు, మంట లేస్తుంది. నేను ప్రతిసారీ అరగంట ఎండలో పెట్టాకే లోపల పెట్టాను. అంత జాగ్రత్తపడి కూడా కిక్ షాఫ్ట్ ఆయిల్ సీల్ పీకడం మర్చిపోయాను, అది కమిలి డాబా అంతా రబ్బరు కంపు. కింది వాటా ఆంటీ పైకొచ్చి "ఏం వండుతున్నావు బాబూ" అని అడిగారు.

మొదటి వాయి, 45 నిమిషాలు. తలుపు తీసి చూస్తే వెల్డింగ్ గీత పొడవునా చెమట పట్టినట్టు చుక్కలు. టిష్యూతో అద్దితే నల్లగా, పాత నూనె. తుడవడం, థిన్నర్, ఎండ, మళ్ళీ ఓవెన్. రెండో వాయికి గోధుమ రంగు మరక, మూడుకి ఇంకా లేత, అయిదో వాయికి టిష్యూ మీద ఏమీ లేదు. రాత్రి హాయిగా పడుకున్నాను.

ఆగస్టు 17

పడుకున్నాను గానీ మంగళవారం ఆఫీసులో కూర్చుని ఉండగా ఒక సంగతి తట్టింది. ఓవెన్‌లో వచ్చింది నల్ల నూనె. పొక్కు చిట్లినప్పుడు నా వేలికి అంటింది తేనె రంగు నూనె. నేను సర్వో ఇంజన్ ఆయిల్ మార్చి అప్పటికి రెండు వందల కిలోమీటర్లే. ముప్పై ఏళ్ళ కిందట నానిన నూనె తేనె రంగులో ఎందుకుంటుంది? అది నిన్న మొన్న పోసిన నూనె. లోపలి నుంచి వస్తోంది.

ఇంటికెళ్ళగానే పాత మేస్త్రీలు పగుళ్ళు పట్టుకునే పద్ధతి చేశాను. బయటివైపు సుద్దముక్క నలిపి నీళ్ళలో కలిపి పూసి ఆరబెట్టాలి, లోపలివైపు కిరోసిన్ పోసి నిలపాలి. కిరోసిన్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది, డీజిల్ పోశాను. లోపల వెల్డింగ్ చుట్టూ మైదా పిండితో గట్టు కట్టాను, మురుకుల పిండిలా గట్టిగా కలిపితే కారదు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. నలభై నిమిషాలకి తెల్లటి సుద్ద మీద ఆవగింజంత తడి మచ్చ, గీత వెనక కొస నుంచి 11 మిల్లీమీటర్ల దగ్గర. గంటకి అది కందిగింజంత అయింది. మిగతా గీతంతా పొడిగానే ఉంది.

అదీ సంగతి. గోడని ఆరపార దాటే సూదిమొనంత రంధ్రం. ఇంజన్ వేడెక్కితే నూనె పలచబడుతుంది, క్లచ్ తిరుగుతూ ఆ నూనెని అక్కడికే చిమ్ముతుంది, కేసులో గాలి ఒత్తిడి తోడవుతుంది. పీయూ, ఎచ్ ప్రైమర్, ఎపాక్సీ, నేను పెట్టినవన్నీ ఆ రంధ్రానికి బిరడాలే. ఎపాక్సీ వేసినప్పుడు పదకొండు రోజులు ఆగింది కూడా అందుకే, కొంచెం గట్టి బిరడా.

ఆర్గాన్ వెల్డింగ్ ఆయనకి చూపించాను. నూనె తాగిన పాత వెల్డింగ్ మీద మళ్ళీ వెల్డింగ్ పెడితే మసి బుడగలు లేస్తాయి, మొత్తం గీకి కొత్తగా పెట్టాలి, కవర్ మెలి తిరిగితే గాస్కెట్ ముఖం (ఇంజన్‌కి ఆనే అంచు) నుంచి ఇంకో చోట కారుతుంది, ఆలోచించుకో అన్నాడు. పని వద్దని చెప్పే మేస్త్రీ అంటే నాకు గౌరవం.

కాబట్టి లోక్‌టైట్ 290 అనే జిగురు తెప్పించాను. ఆకుపచ్చగా, నీళ్ళంత పలచగా ఉంటుంది, బిగించిన బోల్టు మరల్లోకి తనంతట తనే పాకడానికి చేసింది, పోతల్లో, వెల్డింగ్‌లో సన్న రంధ్రాలు మూయడానికి కూడా పనికొస్తుంది. 150 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నా కవర్‌కి అది చాలు. ధర చూస్తే చిన్న సీసాకి ఇంతా అనిపిస్తుంది, కానీ ఇలాంటి పనికి చవక రకాలు నేను నమ్మను. డీజిల్ పోవడానికి కవర్‌ని మళ్ళీ రెండు వాయిలు కాల్చి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు బయటి నుంచి రెండు చుక్కలు, చల్లారాక లోపలి నుంచి రెండు.

ఆగస్టు 24

సుద్ద పరీక్ష మళ్ళీ పెట్టాను. ఈసారి 26 గంటలు. పొడిగా ఉంది! చీకట్లో ఫోన్ లైటు వేసి కూడా చూశాను.

ఇంకా రంగు కొట్టలేదు. రోజూ వాన, గాలిలో తేమ. ఈ తేమలో థిన్నర్ గబగబా ఆరితే పైన తెల్లటి పొగ పట్టినట్టు మసకబారుతుంది, జులైలో మ్యాగ్నెట్ కవర్‌కి అలా అయి ఒక రోజు వృథా అయింది. ఈలోగా చుట్టుపక్కల అంచులు సాఫు చేస్తున్నాను. నీళ్ళ పేపర్ మాత్రం జాన్ ఓకీ 400, తర్వాత 800. పేరులేని పేపర్ అయిదు రూపాయలు తక్కువని కొంటే, దాని రేణువులు ఊడి మనం తీసే గీతలకి రెండింతలు కొత్త గీతలు పెడతాయి.

రంగు విషయం ఎవరైనా అడుగుతారేమోనని రాస్తున్నాను. అసలు సిల్వర్ ఎలా ఉంటుందో నాకు దొరికింది ముందు స్ప్రాకెట్ కవర్ అంచు కింద, గట్టిపడిన గ్రీజు వెనక, ఎండా పెట్రోలూ తగలని వేలెడంత చోట. సన్న రేణువు, మెరుపు తక్కువ, నీడలో చూస్తే కొంచెం బూడిదగా, ఎండలో చూస్తే లేశమంత పసుపు. ఫోటో తీసి షాపుకి పట్టుకెళ్తే లాభం లేదు, ఫోన్ తన ఇష్టమొచ్చిన తెలుపు వేసుకుంటుంది. నేను స్ప్రాకెట్ దగ్గరికే శాంపిల్ రేకులు తెచ్చి పెట్టి చూశాను. ఆరో రేకుకి కుదిరింది: వంద మిల్లీలీటర్ల సన్నరకం సిల్వర్‌కి 3 నలుపు, 1 పసుపు, పైన సగం మెరుపు క్లియర్. రంగు కలపడం ఎంత ముఖ్యమో కొట్టే దూరమూ అంతే. అదే సీసా 15 సెంటీమీటర్ల నుంచి తడిగా కొడితే ముదురుగా వస్తుంది, 30 నుంచి పొడిగా కొడితే తెల్లబడి చేతికి గరుకు తగులుతుంది. 20 దగ్గర ఆగాను. బ్లాకుకీ అంతే దూరం, లేకపోతే పక్కపక్కన పెట్టినప్పుడు రెండు బండ్ల ఇంజన్లలా కనిపిస్తాయి. పీయూ హార్డనర్ ఉంది కాబట్టి గుడ్డ మాస్కు కాదు, కార్ట్రిడ్జ్ మాస్కే.

రంగు సీసాలో ఇంకా 60 మిల్లీలీటర్లు మిగిలింది, కవర్‌కి 35 చాలు. మిగిలింది ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కి వాడదామంటే అది నలుపు. పుత్లీబౌలీలో పాత కవర్లు దొరుకుతాయని తెలుసు, వచ్చే నెల హైదరాబాద్ పనుంది, ఒకటి తెచ్చి అటక మీద పెట్టుకుంటాను. దాని లోపలి వైపు అక్కడే తుడిచి చూసి మరీ. తర్వాత సైలెన్సర్ క్రోమ్ ఉంది, అదో పెద్ద కథ, ఇప్పుడు ఎత్తను.

నాన్న దసరాకి బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాల్సిందేనని గడువు పెట్టాడు. వాన రెండు రోజులు ఆగితే వచ్చే ఆదివారం కొడతాను, ఆ పైన వారం రోజులు ఆరనిచ్చి మళ్ళీ ఉండవల్లి. ఈసారి టిష్యూ జేబులో పెట్టుకుని వెళ్తాను.