ఒకే కొండ, వేరువేరు కోతలు: జింగ్‌మాయి పచ్చి పు-ఎర్

పచ్చి పు-ఎర్ అంటే ఆకును కృత్రిమంగా పులియబెట్టకుండా బిళ్లలుగా నొక్కి, ఏళ్ల తరబడి దాచుకోగల చైనా టీ. ఆ బిళ్లలను పోల్చి రుచి చూసేవారు చాలామంది ముందు కొండ పేరును, ఆ తరువాత సంవత్సరాన్ని చూస్తారు. ఆకును ఏ ఋతువులో కోశారన్న ప్రశ్న చివరికి గాని రాదు. పదేళ్లు నిండని లేత టీల విషయంలో నేను మొదట అడిగేది ఆ ప్రశ్నే. ఈ మధ్య చైనాలోని యునాన్ ప్రావిన్స్‌కు చెందిన జింగ్‌మాయి కొండ టీలను, ఒకే తయారీదారు చేసిన మూడు బిళ్లలను పక్కపక్కన పెట్టుకొని తాగుతున్నాను. అవి 2022 వసంతపు కోత, అదే ఏడాది శరత్తు కోత, 2019 వసంతపు కోత.

జింగ్‌మాయిని ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ బులాంగ్, దాయ్ ప్రజలు తరతరాలుగా అడవి చెట్ల నీడన తేయాకు చెట్లను పెంచుతూ వచ్చారు. ఆ పాత తేయాకు వనాలను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యునాన్‌లోనే గాఢమైన చేదు టీకి పేరుపొందిన లావో బాన్‌జాంగ్ ఊరి ఆకులో ఉండేటంత చేదు ఈ కొండ ఆకులో ఉండదు. వగరు, పూల వాసన, గొంతులో నిలిచే తీపి దీని గుణాలు. చేదు తక్కువగా ఉన్నచోట కోతకూ కోతకూ ఉండే చిన్న తేడాలు నాలుకకు సులువుగా తెలుస్తాయి.

చలికాలమంతా చిగురు వేయకుండా ఉన్న చెట్టు వసంతంలో తొలి మొగ్గలు తొడుగుతుంది. ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే ఛింగ్‌మింగ్ పండుగకు అటూ ఇటూ కోసిన ఆకుకే అక్కడ ఎక్కువ ధర పలుకుతుంది. మే నుంచి వానలు మొదలై చిగురు గబగబా పెరుగుతుంది. ఆ ఆకు పలుచన కావడమే కాక, దానిని ఎండలో ఆరబెట్టడమూ కష్టమే. వానలు తగ్గుముఖం పట్టి వరి పూతకు వచ్చే సెప్టెంబరు, అక్టోబరు రోజులలో కోసిన ఆకును గు హువా, అంటే వరిపూత టీ అంటారు. వానలు తీసుకువచ్చే మార్పు ఎంత పెద్దదో యునాన్‌లో జరిపి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది: వసంతపు పొడి రోజుల ఆకుతో పోలిస్తే, వానలు మొదలయ్యాక కోసిన ఆకులో టీకి వగరును, చేదును ఇచ్చే క్యాటెకిన్లనే పదార్థాలలో కొన్నింటి పాళ్లు సగం దాకా తగ్గాయి. రైతులు రుచిని బట్టి చెప్పే మాటకు ఈ లెక్క దగ్గరగా ఉంది.

పోల్చేటప్పుడు నేను చెంచాతో కొలవను, తూకం వేస్తాను. గట్టిగా నొక్కిన బిళ్లకూ వదులుగా నొక్కిన బిళ్లకూ చెంచా ఒకే కొలత ఇవ్వదు. ఒక్కొక్కటి 5 గ్రాములు తీసుకొని, 100 మిల్లీలీటర్లు పట్టే ఒకే రకం తెల్ల పింగాణీ గైవాన్లలో (మూత ఉన్న చైనా టీ గిన్నెలలో) వేసి, మరిగే నీటిని పోసి, మూడింటికీ ఒకే వ్యవధి ఇస్తాను. అదే ఆకు మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి, ప్రతిసారీ వడకట్టి తాగుతాను. తొలి రెండు వడపోతలలో వచ్చిన అభిప్రాయాన్ని నేను నమ్మను. అప్పటికి బిళ్ల ఇంకా పూర్తిగా విడివడదు. అసలు తేడా నాలుగో వడపోత నుంచి తెలుస్తుంది.

2022 వసంతపు టీలో మూత తీయగానే వచ్చే వాసన కొంచెమే. డికాషన్ మాత్రం చిక్కగా నోరంతా పరుచుకుంటుంది. వగరు బుగ్గల లోపలి వైపు పట్టి, గుక్క మింగిన కాసేపటికి, ఉసిరికాయ తిని నీళ్లు తాగినప్పటిలా తీపిగా మారుతుంది. ఈ తీపి పదో వడపోత దాటినా తగ్గలేదు. శరత్తు టీ నడక వేరు. గైవాన్ మూతకు అంటిన పూల వాసన గది దాకా వస్తుంది, మొదటి గుక్కకే మనసును గెలుస్తుంది, కానీ ఆరో వడపోతకు నీరు పలుచబడి వాసన ఒక్కటే మిగులుతుంది. ఈ కారణంగా శరత్తు ఆకును తక్కువ రకంగా చూడడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. సాధారణంగా వసంతపు బిళ్ల కంటే తక్కువ ధరకు దొరికే ఈ టీ ఈ ఏడే తాగడానికి మేలైనది. ఏళ్ల తరబడి దాచాలనుకుంటే వసంతపు కోతనే కొంటాను.

2019 వసంతపు బిళ్ల దగ్గర లెక్క జటిలమవుతుంది. ఆ ఏడాది యునాన్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. ఈ టీ డికాషన్ రంగు ముదిరి బంగారు వన్నెకు వచ్చింది, వగరు మెత్తబడింది, అయినా రుచి మూడింటిలోనూ గాఢమైనది ఇదే. గాఢత కరువు వల్ల వచ్చిందని అనడం తేలిక. కానీ ఈ బిళ్ల 2022 బిళ్ల కంటే మూడేళ్లు పెద్దది. పచ్చి పు-ఎర్ ఆకును పెనంలో వేడిచేసి, నలిపి, ఎండలో ఆరబెడతారు గనుక అందులో మార్పు ఆగిపోదు. నిల్వలో తేమను, వేడిని బట్టి అది సాగుతూనే ఉంటుంది. హైదరాబాదులో మా ఇంట్లో మూడింటినీ ఒకే మట్టి జాడీలో ఉంచాను, అయితే 2019 బిళ్ల అంతకుముందు ఏ గాలిలో ఉందో దాని రుచి కూడా ఇందులో కలిసే ఉంటుంది. కాబట్టి వసంతానికీ శరత్తుకూ మధ్య తేడా గురించి ధైర్యంగా చెబుతాను గానీ, 2019కీ 2022కీ మధ్య తేడాను కోత మీదనే వేయలేను. అదే తయారీదారు చేసిన 2019 శరత్తు బిళ్ల, అదే చోట నిల్వ ఉన్నది దొరికితే, రెండు శరత్తుల మధ్య ఎంత తేడా ఉందో చూసి, వసంతాల మధ్య తేడాలో వయసు వాటా ఎంతో అంచనా వేయవచ్చు.