ఒకే కార్డుతో రెండు ఖండాలు

జీతాలు పెంచడం ఆపేసిన ఏడాది అది. ప్రతి ఖర్చూ రెండుసార్లు ఆలోచించి పెడుతున్నాం. "ఇస్తాంబుల్ ఈసారికి మానేద్దామా అక్కా?" అని నేనే అడిగాను. "ఊరు మార్చొద్దు, నెల మారుద్దాం" అంది అక్క.

జూలై ప్రయాణాన్ని నవంబరుకు జరిపాం. రద్దీ తగ్గే నెల కాబట్టి విమానం టికెట్లూ, గది అద్దే కాదు, మా టెన్షన్ కూడా తగ్గింది. చవక విమానాల్లో పెద్ద సామానుకు విడిగా కట్టించుకుంటారు. అందుకే చెరో బ్యాక్‌ప్యాక్‌తో సరిపెట్టుకున్నాం. చలి ఉంది, రెండు రోజులు వాన కూడా పడింది. గొడుగు వేసుకుని తిరిగాం.

దిగగానే ఇస్తాంబుల్‌కార్ట్ కొన్నాం. ట్రామ్, మెట్రో, బస్సు, పడవ అన్నిటికీ అదే కార్డు. ఎమినోను రేవులో బాస్ఫరస్ జలసంధి క్రూజులు అమ్మేవాళ్లు పిలుస్తూనే ఉంటారు. మేం ఊళ్లోవాళ్లు ఎక్కే మామూలు ఫెర్రీ ఎక్కి కడికోయ్ వెళ్లాం. యూరప్‌లో ఎక్కాం, ఇరవై నిమిషాలకల్లా ఆసియాలో దిగాం! చుట్టూ పని ముగించుకుని ఇళ్లకు వెళ్తున్న జనం. పడవ వెంటే ఎగురుతూ సీగల్ పక్షులు. వెనక్కి తిరిగి చూస్తే పొద్దు గుంకుతోంది, ఎర్రటి ఆకాశం మీద మసీదుల మినార్లు నల్లగా కనిపిస్తున్నాయి. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే పడవ ఎక్కాం.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. ఏటీఎంలో డబ్బు తీస్తుంటే "మీ దేశపు కరెన్సీలో లెక్క కట్టమంటారా?" అని తెర మీద వస్తుంది. సరేనంటే వాళ్ల మారకం రేటే పడుతుంది, అది మామూలుగా మనకు నష్టమే. అక్క ప్రతిసారీ టర్కీ కరెన్సీ లీరానే నొక్కింది.

ఒట్టోమన్ల కాలపు వాస్తుశిల్పి సినాన్ కట్టిన సులేమానియే మసీదు 1557లో పూర్తయింది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. ఆ గుమ్మటం కింద గంటసేపు కూర్చున్నాం. టికెట్ పెట్టే చోట్లలో మాత్రం ఒక్కటే చూద్దామనుకున్నాం: బసిలికా సిస్టర్న్. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన, నేల కింది నీటి నిల్వ అది. 336 స్తంభాలు. ఓ మూల రెండు స్తంభాల అడుగున మెడూసా (గ్రీకు పురాణాల్లో పాముల జుట్టున్న స్త్రీ) రాతి తలలున్నాయి, ఒకటి పక్కకు ఒరిగి, ఇంకొకటి తలకిందులుగా. టికెట్ ఖరీదే, కానీ అక్కడ పెట్టిన డబ్బుకు నాకు ఇప్పటికీ చింత లేదు.

చివరి రోజు గది ఖాళీ చేసేసరికి కార్డులో ఇంకా డబ్బు మిగిలే ఉంది. విమానం రాత్రికి. బ్యాగులు భుజాన వేసుకుని, నేరుగా రేవుకే నడిచాం.