ఈ చిల్లులు ఎవరు కొట్టారు?

సెలవు ముగించుకుని ఒసాకాకు తిరిగి వచ్చిన మొదటి సోమవారం, మా సెక్షన్ పెద్దాయనకు ఒక తోలు లాంప్‌షేడ్ ఇచ్చాను. ధర్మవరంలో బస్సు కోసం ఎదురుచూస్తూ కొన్నది అది. మేకతోలు మీద సంజీవని ఎత్తుకున్న హనుమంతుడు, చుట్టూ తీగలు, పువ్వులు. పెద్దాయన రెండు చేతులా అందుకున్నారు. పొట్లం విప్పి, తన బల్ల మీది దీపం వెలిగించి దాని మీద బోర్లించారు. కిరీటంలో, భుజకీర్తుల్లో, తోక పొడవునా ఉన్న వందల చిల్లుల్లోంచి వెలుతురు కాగితాల మీదకు జారింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దాన్ని తీసి, తిరగేసి, లోపలి అంచును చుట్టూ వేలితో తడిమి చూశారు. ఏదో వెతుకుతున్నారని అర్థమైంది.

"ఈ చిల్లులు ఎవరు కొట్టారు?" అని అడిగారు.

"మా ఊరి దగ్గర నిమ్మలకుంట అనే పల్లె ఉంది. అక్కడివాళ్ళు చేస్తారు" అన్నాను.

"అది ఊరి పేరు కదా. మనిషి పేరు?"

మాది యంత్రాలు తయారుచేసే సంస్థ. నేను డిజైన్ విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. మా డ్రాయింగుల మూలన మూడు గళ్ళు ఉంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ఆ మూడు గళ్ళలో మూడు ఎర్రటి పేరు ముద్రలు పడనిదే కాగితం కార్ఖానాలోకి వెళ్ళదు. ఉద్యోగ జీవితమంతా ఆ గళ్ళను చూసిన మనిషికి, చేతితో చేసిన వస్తువు దొరికితే ముద్ర కోసం వెతకడం సహజం. ఆయన గొంతులో కోపం గానీ ఎత్తిపొడుపు గానీ లేదు. అయినా నా ముఖం వేడెక్కింది. "మా దేశంలో ఇలాంటి పనికి పేరు పెట్టుకోరు. దేవుడికి అర్పించినట్టు చేస్తారు" అన్నాను. అది నిజం కాదని చెబుతుండగానే నాకు తెలుసు.

"ఈ తోలు బొమ్మలతో ఆట కూడా ఆడతారని ఒకసారి చెప్పారు. మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?"

తొమ్మిదేళ్ళ వయసులో. నిమ్మలకుంటకు మా ఇంటి నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ మాట చెప్పిన తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు. నవంబరులో ఒక ఉదయం నా బల్ల మీద కవరు కనిపించింది. లోపల బున్‌రాకు అనే జపాన్ బొమ్మలాటకు టికెట్టు ఉంది.

జాతీయ బున్‌రాకు నాట్యశాల ఒసాకాలోని నిప్పొంబాషిలో ఉంది. 1984లో తెరిచారు. అదే పేటలో ఉన్న ఎలక్ట్రానిక్ దుకాణాలకు నేను ఎన్ని ఆదివారాలు వెళ్ళానో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఈ గుమ్మం వైపు తల తిప్పలేదు. ఆ రోజు ఆడినది చికామత్సు మోంజయెమోన్ రాసిన సొనెజాకి షింజూ. 1703లో ఒసాకాలో నిజంగా జరిగిన జంట ఆత్మహత్యను తీసుకుని, నెల తిరిగేలోగా ఆటగా కట్టారు. ఒహత్సు అనే వేశ్య, తొకుబె అనే సోయాసాస్ వర్తకుడి గుమాస్తా. ఆ అమ్మాయి పేరుతో పిలిచే గుడి ఇప్పటికీ ఉమెదాలో ఉంది.

వేదికకు మన కుడివైపు చిన్న అరుగు తిరిగింది. దాని మీద కథ చెప్పే తాయూ, పక్కన షమిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయించే ఆయన. తాయూ ముందున్న పుస్తకాన్ని రెండు చేతులతో నుదుటి దాకా ఎత్తి, ఒక్క క్షణం ఆగి, దించారు. నాకు గొంతు పట్టేసింది. చదివే ముందు పుస్తకాన్ని కళ్ళకద్దుకోవడం ఎవరు నేర్పితే నేర్చుకున్నాం మనం? ఆ తర్వాత గంటసేపు ఆ ఒక్క గొంతే ఆడపిల్ల అయింది, మోసగాడు అయింది, ప్రేమికుడు అయింది. నాకు జపానీ భాష సరిపడా వచ్చు. కానీ మూడు వందల ఏళ్ళ నాటి మాటలు సగం అందలేదు. ఆ గొంతు వంగిన తీరు మాత్రం పూర్తిగా అందింది. హరికథ విన్న చెవులకు అనువాదం ఎందుకు?

అయితే ఆ రోజు నుంచి నన్ను వదలకుండా పట్టుకున్నవి కాళ్ళు.

బున్‌రాకులో ఒక్కో ముఖ్యమైన బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. 1734 నుంచి ఉన్న పద్ధతి ఇది. తలనూ కుడిచేతినీ పట్టుకునే ఆయన ప్రధాన సూత్రధారి, ఆయన ముఖం మనకు కనిపిస్తుంది. ఎడమచేతికి ఒకరు, కాళ్ళకు ఒకరు. వీరిద్దరూ తల నుంచి పాదం దాకా నల్లబట్టలో ఉంటారు. కాళ్ళకు పదేళ్ళు, ఎడమచేతికి పదేళ్ళు, ఆ తర్వాతే తల దగ్గరకు అని వాళ్ళ సామెత. కాళ్ళ మనిషి నడుము వంచి, దాదాపు కూర్చున్నట్టుగా నడుస్తూ, ప్రధాన సూత్రధారి నడుముకు తన చేతిని ఆనించి ఉంచుతాడు. ఆయన ఏ వైపు తిరుగుతాడో ఒంటితోనే తెలుసుకోవాలి. పైగా ఆడ బొమ్మలకు మామూలుగా కాళ్ళే ఉండవు. కిమోనో అంచును పిడికిళ్ళతో లోపలి నుంచి కదిపి నడక పుట్టిస్తాడు. లేని కాళ్ళతో నడిపించడానికి పదేళ్ళా!

విరామంలో ఆ మాటే అన్నాను. ఆట పుస్తకం తిరగేసి చూశాను. పాత్రల పట్టికలో ప్రతి బొమ్మ పక్కన ఒక్క పేరే, తల పట్టుకున్న ఆయనది. "చూడండి, ఇక్కడ కూడా పేరు లేనివాళ్ళు ఉన్నారు" అన్నాను. పది రోజులుగా లోపల దాచుకున్న మాట అది. పెద్దాయన పుస్తకం చివరి పేజీలు తీసి చూపించారు. కళాకారులందరి ఫోటోలూ పేర్లూ వరసగా ఉన్నాయి, కొత్తగా చేరిన కుర్రవాళ్ళవి కూడా. "ఈ రోజు ఎవరు ఏ కాళ్ళు పట్టారో రాయరు. అది నాకు కూడా లోటే. కానీ వీళ్ళు ఎవరో కావాలంటే తెలుసుకోవచ్చు" అన్నారు.

తర్వాతి రంగం తెన్మాయా, ఒహత్సు ఉండే వేశ్యాగృహం. ఒహత్సు అరుగు అంచున కూర్చుంది. తొకుబె అరుగు కింద దాక్కున్నాడు. పైన అతని శత్రువు కూర్చుని నోటికి వచ్చినట్టు మాట్లాడుతున్నాడు. తొకుబెకు చావడానికి ధైర్యం ఉందా అని ఒహత్సు తనలో తాను మాట్లాడుకున్నట్టు అడుగుతూ పాదాన్ని కిందకు జార్చింది. కాళ్ళు లేని బొమ్మకు ఈ రంగం కోసం ఒకే ఒక్క పాదం. తెల్లగా, నా అరచేయంత కూడా లేదు. తొకుబె ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని తన గొంతు మీద అడ్డంగా రాసుకున్నాడు. చస్తానని ఒప్పుకోవడం అది. ఏడు వందల మంది పట్టే శాలలో ఎవరూ కదలలేదు. ఆ పాదం వెనక నల్లబట్టలో వంగి ఉన్న మనిషిని చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపు వచ్చింది. కథకు ఎంత వచ్చిందో, ఆ మనిషికి ఎంత వచ్చిందో చెప్పలేను.

ఆట తర్వాత కింది అంతస్తులోని ప్రదర్శన గదిలో బొమ్మ తలలు చూశాం. తల చెక్కేది హినోకి అనే జపాన్ సైప్రస్ చెక్కతో. రెండుగా చీల్చి, లోపల తొలిచి, కళ్ళూ కనుబొమలూ కదిలే తీగలు అమర్చి మళ్ళీ అతికిస్తారు. పైన గవ్వల పొడిని జిగురుతో కలిపి పూత మీద పూత వేస్తారు. మెడను నిలబెట్టే స్ప్రింగు లోహానిది కాదు. తిమింగలం నోట్లో పళ్ళకు బదులు ఉండే పలక నుంచి కోసినది. నేను స్ప్రింగుల లెక్కలు కట్టి బతికేవాణ్ణి. ఆ వంపును చూస్తే, ఇంత మెత్తగా వెనక్కు వచ్చే ఉక్కును ఏ కొలతతో చేస్తాను అనిపించింది. ఆడ బొమ్మ పెదవి దగ్గర ఒక చిన్న సూది ఉంది. దుఃఖం వచ్చినప్పుడు కిమోనో చేతి అంచును ఆ సూదికి తగిలిస్తే, పళ్ళతో కొరికి పట్టుకున్నట్టు ఉంటుంది. షమిసెన్ పట్టుతీగలు పచ్చగా ఎందుకున్నాయని అడిగితే, పసుపుతో అద్దకం అన్నారు పెద్దాయన. మన పసుపే.

ఆయన మరొక సంగతి చెప్పారు. 1945 మార్చి బాంబుదాడిలో యొత్సుబాషిలోని బున్‌రాకు శాల కాలిపోయింది. తరాలుగా వచ్చిన తలలు అందులో బూడిదయ్యాయి. తొకుషిమా ప్రాంతానికి చెందిన ఓఎ మినోసుకె (1907–1997) కూర్చుని వాటిని మళ్ళీ చెక్కారు. ఒకటి కాదు, రెండు కాదు, వందలు. ఈ రోజు వేదిక మీద కదులుతున్న తలల్లో చాలా వరకు ఆయన చేతివే. తల చెక్కిన ఆయన పేరు మా పెద్దాయనకు తన మేనమామ పేరు చెప్పినంత తేలికగా నోటికి వచ్చింది.

ఆ రాత్రి గదికి వచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. లోపల వాదన నడుస్తూనే ఉంది. వీళ్ళకు 1950 నుంచి సాంస్కృతిక సంపద చట్టం ఉంది. జీతాలకు ఆదుకునే ప్రభుత్వం ఉంది. కొత్తవాళ్ళకు 1972 నుంచి శిక్షణ నడుస్తోంది. 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇన్ని ఉంటే ఎవరు నిలబడరు? మాకు లేవా అంటే, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంటకే చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పేరైనా ఆ సోమవారం పెద్దాయనకు ఎందుకు చెప్పలేకపోయాను?

ఇంకో వాదన కూడా చేసుకున్నాను, దాన్ని ఇప్పటికీ వదులుకోను. ఇక్కడ తల ఒకరు, జుట్టు ఒకరు, బట్టలు ఒకరు, గొంతు ఒకరు, తీగ ఒకరు, కాళ్ళు ఒకరు. మన దగ్గర అదంతా ఒకే ఇల్లు. తోలు నానబెట్టి గీకి పారదర్శకం చేసేదీ, ఉలితో చిల్లులు కొట్టేదీ, రంగు వేసేదీ, ద్విపదలు నోటికి పట్టేదీ, తెర వెనక ఆడించేదీ ఆ ఇంటి ఆడా మగా పిల్లలే. ఒక్క మనిషి రెండు చేతుల్లో రెండు బొమ్మలు పట్టుకుని, యుద్ధం వస్తే కాలితో చెక్కను తొక్కి చప్పుడు చేస్తూ, నోటితో పద్యం అందుకుంటాడు. ఇది ఎవరికీ తీసిపోయే విద్య కాదు.

నేను తొమ్మిదేళ్ళప్పుడు చూసిన ఆట వానలు పడని ఏడాది ఊరివాళ్ళు వేయించినది. రచ్చకట్ట దగ్గర తెల్లపంచె తెర. జుట్టుపోలిగాడూ బంగారక్కా తిట్టుకుంటుంటే మా అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. లంకాదహనం దాకా మేలుకోలేక నిద్రపోతే నాన్న భుజం తట్టి లేపారు. తెల్లవారి తెర వెనక్కి వెళ్ళాను. రాత్రంతా సీతకు గొంతు ఇచ్చిన ఆమె, బొమ్మలను మడిచి వెదురుబుట్టలో సర్దుతోంది. రాముణ్ణీ రావణుణ్ణీ పక్కపక్కన పెట్టకుండా మధ్యలో వేరే బొమ్మ వేసింది. ఒళ్ళో చంటిబిడ్డ. రావణుడి చేయి ఒకటి చినిగితే దారంతో కుట్టుకుంటూ నన్ను చూసి నవ్వింది. ఆమె పేరు అడగాలని తొమ్మిదేళ్ళవాడికి తోచలేదంటే సరే. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక దుకాణంలో ఆ లాంప్‌షేడ్ చేతికి తీసుకున్నప్పుడు కూడా తోచలేదు. బేరమాడి రెండు వందలు తగ్గించుకున్నాను. ఆటకు పిలిచేవాళ్ళు తగ్గిపోయాక ఆ ఇళ్ళవాళ్ళు బతుకుదెరువుకు లాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టారు. అలా తగ్గిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మర్నాడు మా చిన్నాన్న కొడుక్కి ఫోను చేసి, లాంప్‌షేడ్ ఫోటోలు పంపాను. "అన్నా, ఇంత చిన్న వస్తువు కోసమా?" అన్నాడు గానీ వెళ్ళాడు. దుకాణంవాళ్ళకు తెలియలేదు. నిమ్మలకుంటలో మూడో ఇంట్లో ఒక పెద్దామె ఫోనును దగ్గరకు తీసుకుని, వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చూసి, "తోక మీద ఈ మూడు చుక్కల వరస నేనే కొడతాను. మా అత్తగారు నేర్పింది" అన్నదట. పేరెందుకు నాయనా అని అడిగిందట. జపాన్‌లో ఒక పెద్దాయన అడుగుతున్నారని మావాడు చెప్పాడు. ఆ దీపం కింద ఏం చేస్తారు ఆయన అని మళ్ళీ అడిగింది. లెక్కలు సరిచూస్తారని చెబితే, "అయితే వెలుతురు చాలుతుందా? ఇంకొంచెం పెద్ద చిల్లులు కొట్టి ఉంటే బాగుండేది" అన్నదట.

ఆ తర్వాత పేరు చెప్పింది. అది ముద్రించడానికి ఆమెను అడగలేదు కనుక ఇక్కడ రాయడం లేదు. తెలుగులో మూడక్షరాలు.

దాన్ని తెల్లకాగితం మీద తెలుగులో రాసి, కింద జపాన్‌వాళ్ళ కటకానా లిపిలో రాసి, సోమవారం పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆమె వెలుతురు గురించి అడిగిన మాట కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని పేరును మెల్లగా చదివారు. మొదటిసారి పలకలేదు. రెండోసారి చివరి అక్షరం దగ్గర తడబడ్డారు. మూడోసారి సరిగ్గా పలికి, చివర మన 'గారు' లాంటి 'సాన్' చేర్చారు. కాగితాన్ని కత్తిరించి, ఆ రోజు వేలితో తడిమిన చోటే, లోపలి అంచుకు అతికించారు.