వెయ్యి రూపాయలా, కార్డా? రెండూ అని ఎవరూ చెప్పలేదు

నిన్న మధ్యాహ్నం మా ముగ్గురి సీజీహెచ్‌ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, కార్డులు చేతికి వచ్చాయి. నాది, మా ఆవిడది, మా అమ్మది. ఐదు నెలలుగా కడుపులో రగులుతున్నది చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ఇంటికి చేరుకోవాలనుకునేవారు దయచేసి చివరిదాకా చదవండి.

నేను 2024 జూలై 31న విరమణ చేశాను. వేతన స్థాయి లెవెల్ 6, చివరి మూల వేతనం 58,600 రూపాయలు. ఆఖరి నాలుగేళ్లు విశాఖపట్నంలో క్వార్టర్స్‌లో ఉన్నాం. సొంత ఇల్లు శ్రీకాకుళంలో, నాన్నగారు కట్టించింది. ఆగస్టు మొదటి వారంలోనే సామాను లారీకెత్తించి వచ్చేశాం. పింఛను విషయంలో ఇబ్బంది లేదు, ఆగస్టు నుంచే బ్యాంకులో పడింది. చిక్కంతా వైద్యం దగ్గరే వచ్చింది.

పింఛను తీసుకునే ఇల్లు కాబట్టి మాకు బియ్యం కార్డు లేదు, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించదు. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో దాన్ని మొదటగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. ఆ పథకం ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో మా వీధిలోనే చూశాను. కానీ అది మా ఇంటికి కాదు. ఇక పక్కింటాయన అల్లుడు ఒక ప్రైవేటు బీమా పాలసీ కాగితాలు పట్టుకొచ్చాడు. అరవై దాటినవారికి ప్రీమియం ఎంతో చూశాను, దాని మీద అప్పట్లో 18 శాతం జీఎస్టీ ఉండేది. అంతా కట్టినా, ముందునుంచే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాలట. మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించాను.

ఈ ముందునుంచే ఉన్న జబ్బు అనే మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా ఆవిడ పుట్టిల్లు కవిటి. ఉద్దానం గురించి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆమె అన్నయ్య వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వెళ్లివస్తాడు. ఆయన చేతి మీద ఫిస్టులా చేసిన చోట నరం తాడులా ఉబ్బి ఉంటుంది. పక్కన కూర్చుంటే దాని అదురు కనిపిస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక ఆ ప్రాంతం వారికి కొంత ఊరట. మా ఆవిడకు ఇప్పటికి ఏమీ లేదు, కానీ ఆరు నెలలకోసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటుంది. ఆ రిపోర్టు కాగితం తీసుకువచ్చే రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినరు. అందుకే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఆదుకునే ఏర్పాటు నాకు కావాలి. నెలవారీ మందుల ఖర్చు నేను పడగలను.

సీజీహెచ్‌ఎస్ డిస్పెన్సరీ లేని ఊళ్లో స్థిరపడే పింఛనుదారుకు మూడు దారులున్నాయి. ఒకటి, కార్డు వద్దనుకుని నెలకు వెయ్యి రూపాయల స్థిర వైద్య భత్యం తీసుకోవడం. రెండు, భత్యం వదులుకుని, దగ్గరి నగరంలో పేరు నమోదు చేయించుకుని ఓపీ, ఇన్‌పేషెంట్ రెండూ కార్డు మీదే చూపించుకోవడం. మూడు, ఓపీ ఖర్చుకు వెయ్యి భత్యం తీసుకుంటూ, చందా కట్టి, ఆసుపత్రిలో చేరే వైద్యానికి మాత్రం కార్డు ఉంచుకోవడం. ఈ మూడో దారి సంగతి మా ఆఫీసులో ఒక్కరు కూడా చెప్పలేదు. విజయనగరంలో ఉండే మా పాత సూపరింటెండెంటు గారు ఫోనులో చెప్పారు. ఆయనకు నమస్కారం.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. లెవెల్ 6 వారికి నెల చందా 450. పదేళ్ల చందా ఒకేసారి, అంటే 54,000 కడితే జీవితాంతం మళ్లీ కట్టనక్కరలేదు. నెలకు వెయ్యి చొప్పున వచ్చే భత్యంతో ఆ 54,000 నాలుగున్నరేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. ముందునుంచే ఉన్న జబ్బుకు ఆగాల్సిన పనిలేదు. చివరి మూల వేతనం 50,500 దాటింది కాబట్టి ప్రైవేటు వార్డుకు అర్హత. శ్రీకాకుళం నుంచి విశాఖ నూరు కిలోమీటర్ల పైమాటే. జ్వరానికీ దగ్గుకూ అంత దూరం ఎవరు వెళతారు? కాబట్టి రెండో దారి మాకు దండగ. డబ్బు ఒకేసారి సమకూరనివారు ఏడాదికి 5,400 చొప్పున కట్టుకోవచ్చు. కానీ విరమణ సొమ్ము చేతిలో ఉన్నప్పుడే కట్టేయడం మంచిదని నా అభిప్రాయం. ఆ సొమ్ముకు రెక్కలు ఎంత త్వరగా వస్తాయో అందరికీ తెలుసు.

అమ్మకు ఎనభై రెండు. అక్టోబరు 29న డెబ్భై దాటినవారికి ఐదు లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలైంది. తమ్ముడు అమ్మకు అది తీసుకుందామన్నాడు. సీజీహెచ్‌ఎస్‌లో ఉన్నవారు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. నా కార్డులో అమ్మను ఆశ్రితురాలిగా చేర్చినందుకు చందా రూపాయి కూడా పెరగదు. ఆమెకు సొంత ఆదాయమూ లేదు. నా దగ్గరే ఉంచాను.

ఇప్పుడు అసలు సంగతి. పీపీవో, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు, తీసి చూస్తే వైద్య భత్యం దగ్గర ఏమీ లేదు. పింఛను కాగితాల్లో విరమణ తర్వాతి చిరునామా అన్న చోట మా సెక్షన్ క్లర్కు క్వార్టర్స్ చిరునామా రాసేశాడు. క్వార్టర్స్ ఖాళీ చేయక తప్పదని అతనికి తెలియదా? విశాఖలో ఉంటే సీజీహెచ్‌ఎస్ పరిధి, కాబట్టి భత్యం రాదు. నేను సంతకం పెట్టే చోట పసుపు చీటీలు అంటించి ఇచ్చాడు. పదిహేను చోట్ల సంతకం పెట్టాను, చదవలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ దిద్దమని అడిగినప్పుడు జరిగింది మాత్రం నా తప్పు కాదు.

మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో పేరు రాయమన్నారు. నాలుగేళ్లు రోజూ నడిచి వెళ్లిన గేటు. రాశాను. లోపల బెంచీ మీద గంటన్నర కూర్చోబెట్టారు. ఎదురుగా ఇనుప బీరువా మీద ఫైళ్ల జాబితా అంటించి ఉంది. అది నా చేతిరాత. ఆ క్లర్కు కొత్తగా చేరినప్పుడు నోటు పెట్టడం నేర్పింది నేనే. తల ఎత్తకుండానే అడిగాడు.

"మీరు శ్రీకాకుళంలో ఉంటున్నారనడానికి ఆధారం ఏది సార్?"

ఆధార్ ఇచ్చాను.

"ఆధార్‌లో చిరునామా ఎవరైనా మార్చుకోవచ్చు కదా సార్. కరెంటు బిల్లు తెండి."

వారం తర్వాత కరెంటు బిల్లు తెచ్చాను. అది నాన్నగారి పేరున ఉంది. ఆయన పోయి పదకొండేళ్లయింది, మేము పేరు మార్పించలేదు. బిల్లు నా వైపు తోసి, "ఇది మీది కాదు" అన్నాడు. మూడోసారి ఇంటి పన్ను రసీదు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, తమ్ముడి అంగీకార పత్రం తీసుకెళ్లాను. అప్పుడు సెక్షన్‌లో అందరూ ఉన్నారు. అతను నవ్వుతూ, "నెలకు వెయ్యి రూపాయల కోసం ఇన్నిసార్లు తిరుగుతున్నారా సార్? బస్సు చార్జీలకే అయిపోయి ఉంటుంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్లలో ఒకడి కూతురి పెళ్లికి ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు నుంచి చుట్టాలను తీసుకొచ్చింది నేను.

ఏమీ అనలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. తిరుగు ప్రయాణంలో నాన్‌స్టాప్ బస్సు రణస్థలం దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏం చూశానో గుర్తులేదు. ఇంటికి రాగానే మా ఆవిడ ముఖం చూసి, "ఏమండీ, వదిలేద్దాం, నాకేమీ కాదులెండి" అంది. ఆ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో నా బల్ల ముందు ఏ పింఛనుదారునీ నిలబెట్టలేదు. ముసలివాళ్లు వస్తే ముందు కుర్చీ, తర్వాత మంచినీళ్లు, ఆ తర్వాతే ఫైలు. ఇది గొప్పకు చెప్పడం కాదు, ఆ కుర్చీలో కూర్చున్నవాడి పని అదే. ప్రజల డబ్బు జీతంగా తీసుకుంటూ వచ్చినవాడి వయసుకు కూడా విలువ ఇవ్వనివాడు ఎంత నేర్చుకున్నా ఏమి లాభం?

మర్నాడు రెండు పనులు చేశాను. కార్యాలయ అధిపతి పేరున వివరంగా అర్జీ రాసి, రుజువులు జతచేసి, అందినట్లు రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కేంద్ర పింఛనుదారుల ఫిర్యాదుల కోసం ఉన్న సీపెన్‌గ్రామ్స్‌లో కూడా నమోదు చేశాను. ఫోనులో అరగంట పని. మనిషి వెళితే కదలని ఫైలు, ఫిర్యాదు సంఖ్య పడగానే కదిలింది. పదిహేను రోజుల్లో అదే క్లర్కు ఫోను చేసి, "సార్, కాగితాలు పంపించేశాం, ఫిర్యాదు మూసేయమని రాయగలరా?" అని అడిగాడు. సవరించిన పీపీవో నా చేతికి వచ్చాకే మూస్తానన్నాను. అలాగే చేశాను. మీరూ అలాగే చేయండి, ఫోనులో తీపి మాటలు విని మూయకండి.

పాత కార్డు అప్పగించినట్లు ఇచ్చే ధ్రువపత్రం కూడా వాళ్ల దగ్గరే ఆగిపోయింది. అదీ అప్పుడే వచ్చింది. ఆ కాగితం లేకుండా పింఛనుదారుల కార్డు రాదు. కాబట్టి విరమణ రోజు శాలువా కప్పించుకోవడానికి ముందే దాన్ని అడిగి తీసుకోండి. చిరునామా గడి, వైద్య భత్యం గడి మీ చేత్తో మీరే నింపండి. ఎంచుకున్న దారిని మార్చుకునే అవకాశం జీవితంలో ఒక్కసారే ఉంటుంది.

మిగతాదంతా తేలిక. ప్రభుత్వ చెల్లింపుల వెబ్‌సైటు భారత్ కోష్‌లో 54,000 కట్టాను, రసీదు వెంటనే వచ్చింది. దరఖాస్తు, పీపీవో నకలు, ఫోటోలు, ఇంటి రుజువు, అమ్మ ఆశ్రిత పత్రం విశాఖలో ఇస్తే ఒక్క పూటలో తీసుకున్నారు. అక్కడి అమ్మాయి అమ్మ పేరులో ఒక అక్షరం తేడా చూసి, తానే చెప్పి దిద్దించింది.

మా ఆవిడ తన కార్డును క్రియాటినిన్ రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టింది. నవంబరు పింఛనులో భత్యం వెయ్యి కలిసి వచ్చింది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు రావాల్సిన మూడు వేలు ఇంకా రాలేదు. దానికీ ఈ ఉదయమే అర్జీ రాశాను, రిజిస్టర్డ్ పోస్టులోనే.